పిడికెడు బియ్యం డబ్బా

ఏమండీ,

చర్చి జీపు గేటు ముందు హారన్ కొడుతోంది, పిడికెడు బియ్యం డబ్బా చూస్తే ఖాళీ. వంట చేసిన ప్రతిసారీ దేవుని కోసం తీసి పోసిన బియ్యమంతా మాయం. అన్ని ఇళ్ల బియ్యంలో సగం ఇవాళ చర్ల దగ్గరి అడవి ఊళ్లో వైద్య శిబిరానికొచ్చేవాళ్ల భోజనానికి, సగం అమ్మి ఆఫ్రికాలో మన సంఘం ఆదుకునే దవాఖానాకు. స్త్రీల సమాజం కార్యదర్శిని, ఉత్త డబ్బాతో జీపెలా ఎక్కను? మన తిండి బస్తాలోంచే నింపుకుపోతున్నాను. అడుగున మిగిలింది మీకూ అత్తమ్మకూ ఈ పూటకు వస్తుంది, వండుకోండి. పచ్చిపులుసు చేసి పెట్టాను.

పిచ్చుకలకు పోశారేమోనని అత్తమ్మను అడిగాను. "నన్ను దొంగను చేస్తివా బిడ్డా" అని టీ కూడా ముట్టకుండా తలుపేసుకుంది. మీరే బతిమాలి తినిపించండి. ఆమె మాట్లాడకపోతే నాకు అన్నం దిగదు.

మళ్లీ లోపలికొచ్చి రాస్తున్నాను. గేటు దగ్గర వెనక వీధి చర్చి రూతమ్మ కలిసింది. వాళ్ల సంఘం వేరు, వాళ్లూ పిడికెడు బియ్యం పోగుచేస్తారు. "అక్కా, ఏ ఇంట్ల అంత బియ్యం ఇయ్యలే. నన్ను మీ చర్చి సిస్టర్ననుకున్నట్టుంది, అడగకముందే డబ్బా మొత్తం గుమ్మరించిండ్రు" అని వీధంతా వినేలా చెప్పింది.

అత్తమ్మ కిటికీ తెరుచుకుంది. "ఎవరు గుమ్మరించింది?"

"ఇంకెవరు పెద్దమ్మా, మీ కొడుకు ప్రభుదాసే."