తొడుగు తీసి పెట్టిన బొట్టు

అక్టోబర్ 2, గురువారం

దసరా. గాంధీ జయంతి కూడా ఇవాళే పడింది. మటన్ నిన్ననే తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టాడు నాయిన, దొంగసొత్తు దాచినట్టు నవ్వుకుంటూ.

ఆయుధ పూజ. పీట మీద ఎర్రగుడ్డ. అమ్మ కత్తిపీట. నాయిన నాడె, మగ్గంలో అటూ ఇటూ పోగు లాగేది. మగ్గం వదిలి దిల్‌సుఖ్‌నగర్ చీరల షాపులో చేరి ఎన్నేళ్లయిందో, నాడె మాత్రం ప్రతి దసరాకూ పెట్టెలోంచి బయటికి వస్తుంది. దాని పక్కన నా ఆఫీసు ల్యాప్‌టాప్. సరిగ్గా కంపెనీ గుర్తు మీద గంధం, కుంకుమ.

నాయిన నా మణికట్టు వైపు చూశాడు. "గది పెట్టవా?"

"బ్యాండు వద్దు నాయినా. ఇంకా బజార్ల రాలే. ఎవరికీ చూపియ్యొద్దు."

మళ్లీ అడగలేదు. మగ్గం మీద కొత్త డిజైన్ ఉన్న ఇంటికి పోతే అరుగు మీదే కూర్చొని మాట్లాడి వచ్చేసే మనుషులు వీళ్లు. కంపెనీ పేజీలకు పేజీలు రాసి సంతకం పెట్టించుకున్న సంగతి ఇంట్లో ఒక్క మాటతో అయిపోయింది.

అక్టోబర్ 3, శుక్రవారం

మా టీం మమత ఫోన్. ఒకటే నవ్వు.

"మా డాడీ బ్యాండుకు గూడ బొట్టు వెట్టిండే."

"తొడుగు మీదనా?"

"తొడుగు తీసిండు. పైన మూతకు వెడితే లోపలున్నదానికి ఎట్ల అందుతదంట."

ఫొటో పంపింది. మమత వాళ్ల డాడీ యాదగిరి అంకుల్ ఆటో పానాలు, ఆంటీ కుట్టుమిషన్, నడుమ ఆకారం కనపడకుండా కంపెనీ వేసిన నల్ల రబ్బరు తొడుగు లేకుండా మెరుస్తూ బ్యాండు. మేమిద్దరం నెలల తరబడి పెట్టుకొని తిరిగి, నడకా గుండె చప్పుడూ సరిగ్గా చూపిస్తోందా లేదా అని రాసిస్తున్న బ్యాండు. దాని మీద కుంకుమ అద్దుతున్న ఉంగరపు వేలు. అందంగా ఉంది ఫొటో. దండం బొమ్మ పంపాను. తర్వాతే గుర్తొచ్చింది.

"ఇంకెవరికన్న పంపినవా?"

"డాడీ మా ఇంటి గ్రూపుల వెట్టిండు. అదేందో మావోళ్లకు ఏం తెలుస్తది తియ్."

అక్టోబర్ 5, ఆదివారం

తెలియకపోయినా గర్వం ఉంటుంది కదా. మమత మేనమామ ఆ ఫొటోని స్టేటస్‌లో పెట్టాడు... 'మా కోడలి కంపెనీ కొత్త మాల్'. ఆయనది సెల్‌ఫోన్ల రిపేరు షాపు. స్టేటస్ చూసేవాళ్లంతా ఫోన్ల పిచ్చివాళ్లే.

ఇవాళ ఒక యూట్యూబ్ చానెల్‌లో వచ్చింది. బ్యాండు చుట్టూ ఎర్ర సున్నా, దానికో బాణం. మమత ఏడుస్తోంది. ఫోన్‌లో ఏడుపు వినడం తప్ప ఏమీ చేయలేకపోయాను.

అక్టోబర్ 6, సోమవారం

అందరినీ హాల్లో కూర్చోబెట్టారు. సెక్యూరిటీ హెడ్ ఢిల్లీ నుంచి దిగాడు. ఎవరు చేశారో తెలియదట. తెలిసినవాళ్లు చెప్పాలట. తానుగా ఒప్పుకుంటే 'సానుభూతితో' చూస్తారట.

ఫోన్లు ట్రేలో వేయించుకున్నారు. ఒక్కొక్కరినీ చిన్న గదిలోకి పిలిచారు. నన్ను అడిగింది ఒకటే. మీ టీంలో ఎవరి మీదైనా అనుమానం ఉందా?

లేదు అన్నాను.

అక్టోబర్ 7, మంగళవారం

ఎల్బీ నగర్ మెట్రో మెట్ల కింద నిలబడ్డాం, మమతా నేనూ. సూర్యాపేట బస్సుల హారన్లు. మాట మాటకీ ఆగాల్సి వస్తోంది.

"చెప్పాల్నా, చెప్పొద్దా?"

"చెప్పెయ్. కావాలని చెయ్యలేదు గద. నిజం చెప్తే ఏం చేస్తరు?"

"నువ్వు చదువుల ఫస్టు. నువ్వంటే కరెక్టే ఉంటది."

బస్సెక్కి వనస్థలిపురం వెళ్లిపోయింది. కిటికీలోంచి చెయ్యి ఊపింది.

అక్టోబర్ 8, బుధవారం

పొద్దున మమత చెప్పేసింది. మధ్యాహ్నం ఇద్దరు గార్డులొచ్చారు.

మమత బ్యాగు టేబుల్ మీద బోర్లించారు. అందరి ముందూ. టిఫిన్ డబ్బా మూత తీసి చూశారు... గోంగూర పప్పు. ప్యాడ్ల ప్యాకెట్ తిరగేసి చూశారు. కార్డు తీసుకొని గేటు బయటికి పంపేశారు. ఒక్కరూ తల తిప్పుకోలేదు. నేను తిప్పుకున్నాను. అదేమైనా గొప్పా.

సాయంత్రం మా మేనేజర్ కిరణ్ సార్, చాలా మామూలుగా: "మాకు ఆదివారమే తెలుసు. బ్యాండు మీద, తొడుగు కింద నంబరుంటుంది కదా. ఫొటోలో కుంకుమ దాన్ని సగమే కప్పింది."

"మరి మమ్మల్నెందుకు అడిగారు సార్?"

"ఎవరు ఎవరి పేరు చెప్తారో చూడాలిగా."

చాలామంది చెప్పారట. మమత పేరు ఒక్కరూ చెప్పలేదట. పక్క సీటువాళ్ల పేర్లు, ప్రమోషన్‌కి అడ్డున్నవాళ్ల పేర్లు. అవన్నీ ఇప్పుడు కంపెనీ దగ్గర భద్రంగా ఉన్నాయి. నా పేరు ఎవరైనా చెప్పారా? ఎవరు?

అసహ్యం. రాత్రి అన్నం ముందు కూర్చుంటే గోంగూర పప్పు గుర్తొచ్చింది.

అక్టోబర్ 10, శుక్రవారం

పెద్ద ఇంగ్లిష్ వెబ్‌సైట్‌లో మా బ్యాండు. అన్ని వైపుల నుంచీ, చక్కటి వెలుతురులో. రంగులు, ధర, వచ్చే నెల. 'విశ్వసనీయ వర్గాల సమాచారం.'

ఇంకొకరి ఉద్యోగం పోతుంది అనుకున్నాను. కిరణ్ సార్ దగ్గరికి పరుగెత్తాను.

"రిలాక్స్. అది మనమే ఇచ్చాం."

"మనమే... అంటే లీకే కదా సార్?"

"లీక్ కాదమ్మా. బజ్. జనం మాట్లాడుకోవాలిగా."

అయితే బొట్టు లేకపోతే బజ్.

ఎక్కువమంది చూశారని నాలుగో అంతస్తులో కేకు కోశారు. వద్దనలేకపోయాను. తిన్నాను. క్రీము అంగిట్లో అతుక్కొని ఇంటి దాకా వచ్చింది.

అక్టోబర్ 12, ఆదివారం

మమత ఫోన్ ఎత్తడం లేదు.

అక్టోబర్ 14, మంగళవారం

కొత్త శిక్షణ కోర్సు. అందరూ తప్పనిసరి. 'రహస్యాన్ని కాపాడుకుందాం.'

మొదట వీడియో. చివర ప్రశ్నలు. మూడో ప్రశ్నకి తెర నిండా ఆ ఫొటో. అంకుల్ పానాలు, ఆంటీ మిషన్, అగరొత్తి పొగ. ఈ ఫొటోలోని తప్పులను గుర్తించి నొక్కండి.

బ్యాండు మీద నొక్కాను. ఎర్ర సున్నా పడింది. పక్కన పడున్న తొడుగు మీద నొక్కాను. ఇంకో సున్నా. కోర్సు కదలడం లేదు. మరొక తప్పు మిగిలి ఉంది, ప్రయత్నించండి.

పానాల మీద నొక్కాను. కాదు. మిషన్ కాదు. చివరికి చెయ్యి. ఆయన చెయ్యి. దాని చుట్టూ ఎర్ర సున్నా. 'అనుమతి లేని వ్యక్తి. శభాష్.'

నొక్కాను. నొక్కితేనే పక్క పేజీ వస్తుంది.

వెనక వరసలో ఎవరో: "కొబ్బరికాయ గూడ కొడితే బ్యాటరీ ఇంకో రెండ్రోజులొస్తుండెరా బై." నవ్వులు. వాళ్ల ల్యాప్‌టాప్‌ల మూతల మీద ఇంకా గంధం మరకలున్నాయి. చూశాను నేను.

అక్టోబర్ 17, శుక్రవారం

హెచ్‌ఆర్ మాధవి గారు కాఫీకి పిలిచారు. ఎప్పుడూ పిలవని మనిషి.

"మీ తెలుగు ఎంత బావుంటుందో అమ్మా. ఆ ఇంగ్లిష్ కోర్సు గోడౌన్లో వాళ్లకీ, డెలివరీ వాళ్లకీ అర్థం కావట్లేదు. తెలుగులో చేద్దామనుకుంటున్నాం. మీ గొంతు అయితే నమ్మకంగా ఉంటుంది."

స్క్రిప్టు చేతిలో పెట్టారు. మమత పేరు లేదు. 'ఒక ఉద్యోగి' అని ఉంది. 'ఒక ఉద్యోగి స్వార్థం వందల మంది శ్రమను దొంగిలించింది.' స్వార్థం అట. మమత అట.

"ఇంకో విషయం. మిమ్మల్ని పర్మనెంట్ చేయమని నేనే రాశాను. ఇలాంటి వాటికి ముందుకొస్తే పైవాళ్ల దృష్టిలో పడతారు."

ఆలోచించుకొని చెప్తాను అన్నాను. ఆవిడ ఎంత ఆప్యాయంగా నవ్విందో. నిజంగానే మంచిది కావచ్చు. అదే మరీ రోత.

పర్మనెంట్. మా ఇంట్లో ఎవరికీ ఎన్నడూ లేని మాట.

అక్టోబర్ 19, ఆదివారం

వనస్థలిపురం వెళ్లాను. ఫోన్ ఎత్తకపోతే తలుపు కొట్టవచ్చు కదా.

మమత తలుపు తీసి, "ఓ, సీబీఐ వచ్చింది" అంది. ఆ తర్వాత పక్కకి జరిగింది, లోపలికి రమ్మన్నట్టు.

ఇంకో కంపెనీ ఇంటర్వ్యూలో అన్నీ బాగా చెప్పిందట. చివర్లో పాత ఆఫీసుకి ఫోన్ చేశారట. అంతే.

యాదగిరి అంకుల్ ఆటో తీయకుండా ఇంట్లోనే ఉన్నాడు. చాయ్ తానే తెచ్చాడు. చాలాసేపు నా చేతి బ్యాండు వైపే చూసి అడిగాడు.

"కుంకుమ ఎక్కువ వెట్టిన్నా బిడ్డా? మిషన్ల వడి ఖరాబైందా?"

"లేదంకుల్. మంచిగనే పనిచేస్తుంది."

"మరెందుకు తీసేసిన్రు?"

"అది... బయటికి చూపియ్యొద్దు అంకుల్. రూలు."

"చెప్పొద్దన్నదని నేను ఎవ్వలికి చెప్పలే. దేవునికి సూపెట్టిన. ఇంటోళ్లకు సూపెట్టిన. వాళ్లు బయటోళ్లు ఎట్లయితరు?"

"దేవునితోని సంతకం వెట్టియ్యలే గద డాడీ, అదే తప్పయింది" అంది మమత. ఆయన నవ్వలేదు. గ్లాసు నాకు అందించాడు. ఆ చేతితోనే. ఉంగరపు వేలు.

రికార్డింగు సంగతి మమతకి చెప్పాను. దాచితే ఇంకా పాడు. పర్మనెంట్ సంగతి కూడా.

"నువ్వే చదువు. ఇంకెవరన్న అయితే నిజంగ తిట్టినట్టు చదువుతరు. నువ్వయితే జర మెల్లగ తిడతవ్."

జోకేనా? ముఖం చూద్దామంటే గ్లాసులు తీసుకొని లోపలికి పోయింది.

ఫొటోలో చేతి చుట్టూ ఎర్ర సున్నా ఉందని మాత్రం చెప్పలేకపోయాను. గోడౌన్లో పనిచేసేవాళ్లు చూస్తారు. వాళ్లలో ఎంతమంది ఆయన ఆటో ఎక్కినవాళ్లో.

అక్టోబర్ 20, సోమవారం

దీపావళి. ఒక్క కాకరపువ్వొత్తి. మనసు లేదు.

అక్టోబర్ 22, బుధవారం

షాపు నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్న నాయినని అడిగాను. మమత సంగతి మొత్తం చెప్పలేదు. ఉత్తగా అడిగినట్టే.

"మనూర్ల కొత్త డిజైన్ ఎవరన్న బయట పెడితే ఏం చేసేటోళ్లు?"

"ఏం జేస్తరు. ఇంకోటి కట్టేటోళ్లు."

"ఆ మనిషిని?"

"తిట్టుకునేటోళ్లు. మీ తాతయితే మా మేనత్త మొగనితోని ఏడాది మాట్లాడలే. ఎదురింట్ల ఉండి మాట్లాడలే, చూడు." తువ్వాలుతో పాదాలు తుడుచుకున్నాడు. "గాని ఆయన మగ్గం ఇరిగితే బాగుజేసింది గూడ మీ తాతనే. మాట్లాడకుంటనే చేసిండు."

ఎందుకు అడుగుతున్నావని అడగలేదు. అరుగు మీద కూర్చునే మనిషి.

అక్టోబర్ 24, శుక్రవారం

ఒప్పుకోలేదు. కాదనలేదు కూడా. 'ఊరికే ఒకసారి చదివి చూడండమ్మా' అంటే చదివాను. గోడలకు స్పాంజి అంటించిన చిన్న గది. చెవులకు హెడ్‌ఫోన్.

వెనక్కి తిప్పి వినిపించారు. ఎంత బాగుందో. ఒత్తులు, విరామాలు, అన్నీ చక్కగా. 'ఒక ఉద్యోగి స్వార్థం.' బడిలో ప్రార్థన చదివించిన గొంతు అది. ఆగస్టు పదిహేనుకి మైకు ముందు నిలబెట్టిన గొంతు. ఆ రోజు గేటు బయట అమ్మ చెప్పులు లేకుండా నిలబడి విన్నది.

మాధవి గారిని అడిగాను. "ఆ వాక్యం మార్చవచ్చా? పొరపాటు అనవచ్చు కదా."

"లీగల్ వాళ్లు ఓకే చేసేశారమ్మా."

"పోనీ ఫొటోలో చెయ్యి కత్తిరించవచ్చా?"

"చెయ్యే కదమ్మా అసలు పాయింటు. అందరికీ అదే గుర్తుంటుంది."

నేనేదో అనబోయాను. ఆవిడ డ్రాయరు తీసి కొత్త కార్డు బయటపెట్టింది. తెల్ల ట్యాగు. మాది నీలం, కాంట్రాక్టు వాళ్లది.

"ఆర్డరు సోమవారం వస్తుంది. కార్డు మాత్రం ముందే ఇచ్చేస్తున్నా. మీ మీద నమ్మకం. ఫైనల్ రికార్డింగు సోమవారం పదింటికి, సరేనా?"

తీసుకున్నాను. చెయ్యి దానంతటదే చాచుకుంది.

మెట్రోలో మూసారాంబాగ్ దాటేదాకా బ్యాగులో చెయ్యి పెట్టి దాన్నే తడుముతూ కూర్చున్నాను. నా మీద నాకే వెగటు.

అక్టోబర్ 26, ఆదివారం

కార్డు అమ్మ కంటపడింది. కింది వాటాలో చెప్పింది. పక్కింట్లో చెప్పింది. పుల్లారెడ్డి కాదులే, మామూలు షాపు లడ్డూలే, కానీ పంచింది.

మమతకి మెసేజ్ రాశాను, చెరిపేశాను. మళ్లీ రాశాను. 'ఫొటోలో అంకుల్ చెయ్యి ఉంది. దాని మీద ఎర్ర సున్నా ఉంది.' పంపాను.

రెండు టిక్కులు నీలం అయ్యాయి.

అక్టోబర్ 27, సోమవారం

స్నానం చేసి వచ్చేసరికి కార్డు బ్యాగులో లేదు.

దేవుడి పటాల ముందు ఉంది. నాయిన షాపుకి పోతూ పెట్టాడట. ప్లాస్టిక్ కవరు పక్కన పడి ఉంది. కార్డు బయటికి తీసి, ఫొటోలో నా నుదుటి మీద, సరిగ్గా నడుమ, కుంకుమ.

కవరు మీద ఎందుకు పెట్టలేదని అమ్మని అడిగాను. "కవరుకు వెడితే నీకెట్ల అందుతది?" అంది, అట్ల పెనం మీంచి తల తిప్పకుండానే.

గేటు దగ్గర మిషన్ చదవాలంటే తుడవాలి. తడిగుడ్డ తెచ్చుకున్నాను. పదింటికి రికార్డింగు. అట్టు చల్లారుతుందని అమ్మ రెండోసారి పిలిచింది.

గుడ్డ ఒక చేతిలో, కార్డు ఇంకో చేతిలో. ఇది రాయడానికి రెండూ పక్కన పెట్టాను.