మార్లిస్ యంత్రం

జునిపర్ కౌంటీ అగ్నిమాపక అధికారి గారికి, సేజ్ క్రీక్ వృద్ధుల నివాసంలో కింది వాటాలో ఉంటున్న ఆరిన్ ట్వైట్ సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: తమ గోదాములో ఉంచిన తూటాలు నింపే యంత్రమును, తుపాకిమందు లేకుండా, ఒట్టి యంత్రముగా తిరిగి ఇప్పించుట గురించి.

1. సదరు యంత్రము నా భార్య మార్లిస్‌ది. ఆమె పిస్తోలు పోటీల్లో మోంటానా అంతటా పేరున్న మనిషి. నేను గురిపెడితే పశువుల కొట్టం గోడకు కూడా తగలదు. కాబట్టి ఆమె పక్కన కూర్చుని యంత్రము పిడి లాగడం నా పని. పిడి ఒకసారి లాగితే చక్రం ఒక గడి తిరుగును. ఒక గడిలో ఇత్తడి గొట్టం సరైన కొలతకు వచ్చును, తర్వాతి గడిలో మందు పడును, ఆ పైగడిలో మనిషి సీసపు గుండు పెట్టవలెను, చివరికి బిగిసిన తూటా డబ్బాలో పడును. గుండు పెట్టే ముందు మార్లిస్ ప్రతి గొట్టంలోకి తొంగి చూసేది. మందు రెండుసార్లు పడినా, అసలు పడకపోయినా పిస్తోలు చేతిలోనే పేలవచ్చు. ఆవిడ కళ్ళు దాటకుండా మా ఇంట్లోంచి ఒక్క తూటా బయటికి పోలేదు.

2. ఆమెకు మతిమరుపు జబ్బు వచ్చిన పిమ్మట తుపాకులు మేనల్లుడికి ఇచ్చివేయడమైనది. మందు, నిప్పు పుట్టించే బిళ్ళలు ఆమె పిస్తోలు క్లబ్బు వారికి అప్పగించడమైనది. యంత్రమును కూడా ఎవరికైనా ఇద్దామని వంటింటి బల్ల మీద పెట్టాను. అప్పటికి ఆమె నన్ను పోల్చుకోవడం మానేసి చాలాకాలం అయింది. "ఎవరయ్యా నువ్వు, మా వంటింట్లో నీకేం పని?" అని అడిగేది. ఆ రోజు వచ్చి యంత్రం మీద చెయ్యి వేసింది. కాస్త ఊపి చూసింది.

"ఆరిన్, ఇది వదులుగా ఉంది. బిగించు."

అయ్యా, నా పేరు పెట్టి పిలిచింది. మందపాటి చెక్క తెచ్చి, బల్లకు బోల్టులతో, గోడకు మరలతో బిగించాను. ఇక బల్ల మీద చోటు లేక భోజనం నిలబడి చేసేవాళ్ళం.

3. మొదట ఖాళీ గొట్టాలతోనే నడిపాను. ఆమె ఒక్కొక్కదానిలోకి చూసి "దీన్లో మందు లేదు" అని పక్కన పెట్టేది. అన్నీ పక్కన పెట్టి ఏడ్చింది. అందుచేత మొక్కజొన్న రవ్వను పొయ్యిలో ఎండబెట్టి, జల్లించి, మందు పోసే గొట్టంలో పోశాను. చెమ్మ ఉంటే అది జారదు.

"ఇదేంటి, పచ్చగా ఉంది?"

"కొత్త రకం మందు."

"నాకు చెప్పకుండా మార్చావా? ఒక్క మాట చెప్పి ఏడవొచ్చుగా!"

నన్ను అలా తిట్టి ఎన్నాళ్ళయిందో తమకు ఎలా తెలియజేయాలో తెలియడం లేదు. ఆ బల్ల దగ్గర ఉన్నంతసేపూ నేను ఆమె భర్తను. లేవగానే మళ్ళీ ఎవరినో.

4. ఆమె కునుకు తీస్తుండగా నేను పెరటి గట్టు మీద, గుండ్లు ఊడదీసే సుత్తితో ఆ తూటాలన్నీ విప్పదీసేవాడిని, మర్నాడు మళ్ళీ చేసుకోవాలి గనుక. ఆ చప్పుడు విని పక్కవాటా వెర్నా గారు తమకు ఫిర్యాదు చేశారు. తమరు పంపిన ఇన్‌స్పెక్టరమ్మ కెస్లర్ గారు వచ్చేసరికి మేము పనిలో ఉన్నాము.

"ఏం చేస్తున్నారమ్మా?" అని మార్లిస్‌ను అడిగారు.

"కనబడ్డంలా? తూటాలు చేస్తున్నాం. శనివారం పోటీ ఉంది. కాస్త పక్కకి జరుగు, వెలుతురుకి అడ్డొస్తున్నావు."

కెస్లర్ గారు రవ్వ వేలితో అద్ది చూశారు. "తాతగారూ, ఇది రొట్టెలు చేసుకునే రవ్వ కదా?"

"అవునమ్మా. వంటింట్లోదే."

"మీ బాధ నాకు అర్థమైంది. కానీ ఇలాంటి నివాసాల్లో ఉండకూడని వాటి రూల్లో 'తూటాలు నింపే సామగ్రి' అని ఉంది. మందు ఉన్నా లేకున్నా సామగ్రి సామగ్రే."

వారి మీద నాకు ఎట్టి ఫిర్యాదూ లేదు. బోల్టులు ఒక్కటి కూడా పారేయకుండా సంచిలో కట్టి పట్టుకెళ్ళారు. తీసుకెళ్తున్నప్పుడు మార్లిస్ వైపు చూడలేకపోయారు.

5. తదుపరి జరిగినవి: మార్లిస్ తిండి మానివేసినది. యంత్రం మా పాత షెడ్డులో ఉందనుకుని, చెప్పులు లేకుండా మంచులో బయలుదేరినది. ఆ షెడ్డు మేము అమ్మేసిన ఇంటి దగ్గర, వేరే ఊళ్ళో ఉంది. పాలవ్యాను అతను దారిలో చూసి తీసుకొచ్చాడు. కాలివేళ్ళు నల్లబడినవి. ఇంకొకసారి ఇలా జరిగితే ఆమెను తాళాలు వేసే వార్డుకు మార్చుతామని మేనేజరు గారు చెప్పినారు. అక్కడ నన్ను చూడటానికి రానిస్తారు, ఉండనివ్వరు.

కావున తమను వేడుకొనునది: యంత్రమును ఇప్పించవలెను. కావలసినచో నిప్పుబిళ్ళలు పెట్టే భాగమును తమరే కోసివేయవచ్చును. వారం వారం తనిఖీకి ఎవరినైనా పంపవచ్చును, కాఫీ నేను పెడతాను. వెర్నా గారికి చప్పుడు వినబడకుండా తూటాలను కారులో పొలాల వైపు తీసుకుపోయి విప్పుకుంటాను. ఇంతకన్నా ఏమి ఒప్పుకోవాలో తమరే చెప్పండి, ఒప్పుకుంటాను.

ఈ ముసలివాడి మనవి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఆరిన్ ట్వైట్

తా.క.: కవరు అంటిస్తుండగా మార్లిస్ వచ్చి పక్కన కూర్చుంది. ఎవరికి రాస్తున్నారని అడిగింది. ఫైరాఫీసు పెద్దాయనకి అన్నాను.

"ఏం కావాలని?"

"నీ మిషను."

"మిషను లేకపోతే పోయింది. మా ఆయన ఎక్కడికో వెళ్ళాడు. ఆయన్ని పంపించమని రాయండి. మీ చేతిరాత బాగుంది, మీరే రాయండి."

రాసేదాకా కదలనంది. ఆమె చూస్తుండగా రాస్తున్నాను:

6. అర్జీదారుని భార్య, తన భర్తను త్వరగా ఇంటికి పంపించవలసినదిగా కోరుచున్నది.