గడియ పెట్టని తలుపు

శుక్రవారం, రాత్రి

ఈరోజు సింహాద్రిపురం దగ్గర, మా పార్టీ పెద్దాయన తోటలో, చిన్న రైఫిల్‌కు బిగించడానికి నేను చేసిన సైలెన్సర్‌ను పరీక్షించాను. అడవిపందుల కోసమన్నాడు. ఎన్నికల ముందు ఏ పందులో నాకు తెలియదా?

ఎన్నిసార్లు కాల్చినా తూటా ఎక్కడా ఇరుక్కోలేదు. విప్పి మసి తుడిచి, పాడవకుండా ఎలా చూసుకోవాలో ఆయన మనిషికి ఓపిగ్గా నేర్పాను కూడా. చప్పుడు ఎంత దూరం పోయిందో తెలుసుకుందామని తోట పక్క గుడిసెకు వెళ్లాను. వాకిట్లో ముసలామె చెనిక్కాయలు ఒలుస్తోంది. పక్కనే మనవరాలు ఆడుకుంటోంది.

"అవ్వా, ఇంతకుముందు ఏమన్నా చప్పుడు ఇనపడిందా?"

"ఏం ఇనపళ్యాప్పా. ఇనపడింటే పిల్లను లోపలికి లాక్కోని గడియ పెట్టుకుందునే!"

మా పల్లెల్లో మొదటి చప్పుడుకే తలుపేసుకున్నవాళ్లే బతికి బట్టకట్టారు. అది తెలిసీ నాకు అప్పుడు పని కుదిరిందన్న సంతోషమే. తిరిగొచ్చి, "గుడిసెదాకా కూడా ఇనపళ్యా సామీ" అని నవ్వుతూ చెప్పాను. పెద్దాయన భుజం తట్టాడు.

ప్రొద్దుటూరు చేరి అన్నం తింటుంటే నా చెయ్యి తగిలి చెంబు పడింది. నా భార్య ఉలిక్కిపడి, ముందు బిడ్డను ఒళ్లోకి లాక్కుంది.

చెంబు కాబట్టి వినబడింది.