వంకర నంబరు

తమ్ముడా రాజేశం, ఆ రైలింజను బొమ్మ మీద నంబరు వంకరగా అతుక్కున్నది నీ వల్లనా, నా వల్లనా?

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున భేస్తాన్‌లో మీ ఇంటికి వెళ్తే నీ బిడ్డ మౌనిక ఆ ఇంజను తెచ్చి నా ముందు పెట్టింది. "పెద్దబాపూ, నువ్వే ఖరాబ్ చేసినవ్, నువ్వే సీదా చెయ్యి. ఎట్ల చెయ్యాల్నో నేను చెప్త."

నిజమే. ఆ రోజు నువ్వు తడి స్టిక్కరును బ్రష్‌తో జరుపుతుంటే, బొమ్మలకు మొక్కుతున్నావా అని గద్దించి, నీ చెయ్యి పట్టి ప్రార్థనకు లాగాను. నువ్వు రాలేదు. మళ్లీ మనం మాట్లాడుకోలేదు. కానుక కంటే ముందు సహోదరుడితో సమాధానపడాలని ఊరంతా బోధించాను గానీ, నీ గడప ఎక్కలేదు.

మౌనిక చెప్పినట్టే గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల వెనిగర్ కలిపి నంబరు మీద అద్దాను. బ్రష్ చివర నీ పళ్ల గాట్లు వేళ్లకు తగిలాయి.

"ఇన్ని దినాలైంది, ఇది కదలదు బిడ్డా."

"కదుల్తది. బాపు దాని మీద వార్నిష్ కొట్టలే. మా అన్న వచ్చినంక కొడ్త అని నీ కోసమే ఆపిండు."

నంబరు కదిలింది. వెనక ఎవరో ఊపిరి బిగబట్టినట్టనిపించి తిరిగి చూశాను. గోడే ఉంది.

సాయంత్రం ప్రార్థన సభలో వాక్యం చెప్పడానికి నిలబడ్డాను. గ్రంథం మూసి ఒక్కటే చెప్పాను: "తోడబుట్టినోళ్లతోని మాటల్లేనోళ్లు లేచి నిలబడండి. ప్రార్థన తర్వాత చేద్దాం. మీ వాళ్లు ఇంకా బతికున్నరు. ఇయ్యాలనే పోండి."