వేట ఆగిన సెలవులు

నాన్నా,

రెండు నెలల వేట నిషేధం అయిపోయి, నిన్న మన ఊరి బోట్లన్నీ సముద్రంలోకి వెళ్ళాయి. నువ్వు పోయాక నేను ఒడ్డుకు వెళ్ళడం లేదు. మన బడిలోనే పాఠాలు చెబుతున్నాను.

ఇవాళ ఐదో తరగతి పిల్లల్ని, వేసవి సెలవుల్లో ఎక్కడికి వెళ్ళారో ఇంగ్లీషులో రాయమన్నాను.

"ఎక్కడికీ వెళ్ళలేదండీ టీచర్, ఏం రాయమంటారు?" అన్నారు అందరూ.

బోర్డు మీద రాసిన "ఐ వెంట్ టు" చెరిపేసి, ఇంట్లో ఏం జరిగిందో అదే రాయమన్నాను.

దుర్గ అనే పిల్ల వచ్చీరాని ఇంగ్లీషులో ఇలా రాసింది: "మా నాన్న రోజూ ఇంట్లోనే ఉన్నాడు. చిరిగిన వల బాగుచేశాడు. నేను దారం అందించాను. నాకు సెలవులు చాలా నచ్చాయి."

తప్పులు దిద్దడానికి మనసొప్పలేదు.

వేసవి వచ్చిందంటే చాలు, "బందరు దాటించి ఎక్కడికీ తీసుకెళ్ళలేకపోతున్నానే అమ్మలూ" అని నొచ్చుకునేవాడివి. నేనేమో మూతి ముడుచుకుని నీ పక్కనే కూర్చునేదాన్ని.

"చిన్నప్పుడు మీరెక్కడికి వెళ్ళేవారండీ?" అని దుర్గ అడిగింది.

"నేనూ మా నాన్నకి దారం అందించేదాన్నమ్మా. నాకూ చాలా నచ్చేది" అన్నాను.

ఆ మాట నీకు చెప్పి ఉండాల్సింది, నాన్నా.