బాపు మోకాలు

తమ్ముడు సమ్మయ్యకు, గోదావరిఖని నుంచి అక్క దీవించి రాస్తున్నది.

నాకు హైదరాబాదులో ఫిజియోథెరపీ అసిస్టెంట్ ట్రైనింగ్ సీటు వచ్చింది. సోమవారం పోతున్నాను.

నీకు తెలియని మాట ఒకటి. గనిలో కప్పు కూలి దెబ్బతిన్న బాపు మోకాలును, దవాఖానలో చూపినట్టే రోజూ వంచేదాన్ని. ఒకరోజు కర్ర లేకుండా గడపదాకా నడిచాడు. మరునాటి నుంచి కాలు ముట్టనివ్వలేదు.

"నడిస్తె డాక్టర్లు అన్‌ఫిట్ రాయరు బిడ్డా. అన్‌ఫిట్ రాస్తెనే నీ తమ్మునికి నా నౌకరి."

బాపు నౌకరి నీకొచ్చి, నువ్వు గోలేటి గనిలో డ్యూటీకి ఎక్కాక మళ్ళీ వంచి చూశాను. మోకాలు కట్టెలా బిగుసుకుపోయింది, ఇక వంగదు.

నిన్న బాపుకు సీటు సంగతి చెబితే, "గా సదువుల గిసొంటి కాలు వంచుడు నేర్పుతరా?" అని అడిగాడు. నేర్పుతారన్నాను.

ఆదివారం వస్తే ఈ ముచ్చట ఎత్తకు. బాపు నిన్ను అడిగితే మాత్రం, నువ్వూ నేర్పుతారనే చెప్పు.

మీ అక్క