దర్శన డైరీలో సంతకాలు

కామాఠిపుర, పదకొండో గల్లీ,
ముంబయి.
14-9-2025, ఆదివారం.

గౌరవనీయులైన నీత టీచర్ గారికి,

దర్శన నాన్న సాయిలు నమస్కారాలతో రాస్తున్న ఉత్తరం. మీరు, దాదర్‌లో మీ అమ్మగారు కులాసాగా ఉన్నారని తలుస్తాను. మేమూ బాగానే ఉన్నాం. నాలుగు రోజులుగా వాన వదలడం లేదు. అంతకు మించి చెప్పుకోదగ్గ కష్టమేమీ లేదు, ఈ ఒక్కటి తప్ప. మీకు తెలుగు చదవడం వచ్చని పిల్ల చెప్పింది కాబట్టి ధైర్యం చేశాను. మున్సిపాలిటీ తెలుగు బడిలో ఏడో క్లాసు దాకా వెలగబెట్టిన వాణ్ణి, తప్పులుంటే మన్నించండి.

నిన్న మీ ఇంగ్లీషు క్లాసు నుంచి దర్శన ఏడుస్తూ వచ్చింది. మీరు పెట్టిన పరీక్షలో నలభైకి తొమ్మిది వచ్చాయట. డైరీలో ఉన్నవి దొంగ సంతకాలనీ, ఇంట్లో ఎవరికీ పాఠం చెప్పకుండా తనే పెట్టుకుందనీ, రేపు సోమవారం నుంచి రావద్దనీ అన్నారట. టీచర్ గారూ, ఆ సంతకాలు నావే. వంకరటింకరగా సాయిలు అని ఉన్నవన్నీ నావే. కావాలంటే మీ ముందు కూర్చుని పెడతాను. వచ్చే ఏడు పదో తరగతి. మీరు కాదంటే దానికి ఇంగ్లీషు చెప్పే దిక్కు మాకు ఇంకొకటి లేదు.

జూన్‌లో మీరు చెప్పిన పద్ధతి నాకు బాగా గుర్తుంది. చదివిన పాఠాన్ని పుస్తకం మూసి ఇంట్లో ఒకరికి సొంత మాటల్లో చెప్పాలి. విన్నవాళ్లకు అర్థమైతేనే డైరీలో సంతకం పెట్టాలి. వాళ్లకు అర్థమైందంటే పిల్లకు వచ్చినట్టే అన్నారు. మా ఇంట్లో అచ్చం అలాగే జరిగింది. నేను టైల్స్ పని నుంచి వచ్చి చాయ్ గ్లాసు పట్టుకోగానే ఎదురుగా కూర్చుంటుంది. సగం హిందీ, పావు మరాఠీ, మిగిలింది తెలుగు. ప్రశ్న తనే వేస్తుంది, జవాబూ తనే చెబుతుంది. సముద్రం ఒడ్డున లైట్‌హౌస్‌కు కాపలా ఉండే ముసలాయన పాఠం చెబుతుంటే మా ఆవిడ భూదేవి రొట్టెలు చేయడం ఆపి మరీ విన్నది.

ఆ పాఠంలోనే ఆరు ప్రశ్నలకు ఆరూ తప్పు రాసిందంటే నాకేమీ పాలుపోవడం లేదు. పద్ధతి తప్పా, పరీక్ష తప్పా, లేక ఇంట్లో వచ్చిన చదువు గల్లీ దాటగానే పోతుందా? పక్క గది శైలేష్‌ను అడిగితే, దిష్టి తగిలింది కాకా, నిమ్మకాయ కట్టు అన్నాడు. కట్టాను కూడా. ఇంత అయోమయం నేనెన్నడూ ఎరగను.

దయచేసి పిల్లను అబద్ధాలకోరు అనుకోకండి. అదొక్కటే నాకు బాధగా ఉంది.

మీ జవాబు కోసం చూస్తూ,
దర్శన నాన్న
సాయిలు

తా.క.: మడిచిన ఉత్తరం మళ్లీ విప్పాను. టీచర్ గారూ, ఆ పాఠాల్లో నాకు ఒక్కటీ అర్థం కాలేదు. మొదటి రోజు కాలేదనే చెప్పాను. పాపం, మూడుసార్లు చెప్పింది. నాలుగోసారి దాని గొంతు వణికేసరికి తట్టుకోలేక, సమజైంది బేటా అనేశాను. ఆ రోజు నుంచి రోజూ అదే మాట. పనిలో లెవెల్ చూడకుండా ఒక్క టైల్ పరచను. ఇక్కడ మాత్రం చూడకుండానే అంతా సరిగ్గా ఉందన్నాను.

ఇందాకే దర్శనకు ఈ సంగతి చెప్పేశాను. కోప్పడుతుందనుకున్నాను. లైట్‌హౌస్ పాఠం తీసి మళ్లీ మొదలుపెట్టింది. ఆ ముసలాయన దీపం ఎందుకు ఆర్పాడని మధ్యలో అడిగాను. ఇన్నాళ్లలో నేను అడిగిన మొదటి ప్రశ్న అదే. పుస్తకంలో రెండు పేజీలు వెనక్కి తిప్పి చూసి, నాగ్గూడ సమజ్ కాలే పప్పా, నువ్వు రోజు సమజైందంటుంటే నాకొచ్చిందనే అనుకున్న అన్నది.

రేపు పనికి పోను. ఈ ఉత్తరం తీసుకుని ఇద్దరం మీ క్లాసుకు వస్తాం.